గడపలో ముక్కుపురుగు

వడ్రంగి భిక్షమాచారి చేత దర్వాజ చేయించుకోవాలంటే ఆరు నెలల ముందే చెప్పుకోవాలని సూర్యాపేటలో ఒక మాట ఉంది. మాట నిజమే. కుడకుడ రోడ్డులో రేకుల షెడ్డు ఆయనది. సోఫా చేసిపెట్టమని ఎవరైనా వస్తే, "అవి దుకాణపోళ్లు చేస్తరు, గాడికి పోండ్రి" అని ముఖం మీదే చెప్పి పంపేస్తాడు. గడపా ద్వారబంధమూ కలిసిన దర్వాజ ఇంటికి ముఖమని, దాన్ని ఎవడు పడితే వాడు చెక్కకూడదని ఆయన వాదం. పనితనం ఉన్న మనిషికి కాస్త పొగరు ఉంటే జనం సర్దుకుపోతారు. ఆ పొగరే చివరికి ఆయన కొంప ముంచింది.

ఈ ఏడు భాద్రపదంలో చిలుకూరు నుంచి మంగయ్య ఫోన్ చేశాడు. మంగయ్యది గొర్ల మంద. ఇరవై గొర్లతో మొదలుపెట్టి రెండు వందలు చేసి, ఒక్కగానొక్క కొడుకు రాజ్‌కుమార్‌ను చదివించి, వాడికి దామరచర్ల కరెంటు ప్లాంటులో ఉద్యోగం వచ్చాక ఊళ్లో కొత్త ఇల్లు కట్టుకున్నాడు. నెల కిందటే, శ్రావణంలో, గృహప్రవేశమయింది. ఆ ఇంటి దర్వాజ మన చారి చేసిందే.

"చారీ, తలుపు కింద రాస్తున్నది. లాగితే కీసుమంటున్నది. జర వచ్చి సూసిపో."

"వానలకు కట్టె ఉబ్బుతది, పరేషాన్ గాకు. రేపొస్త."

మర్నాడు పనిముట్ల సంచి భుజాన వేసుకుని కోదాడ బస్సెక్కి, అక్కడ దిగి ఆటోలో చిలుకూరు చేరాడు. ఇంటి ముందుకు వచ్చేసరికి వాకిట్లోనే పంచాయితీ నడుస్తోంది. మంగయ్య భార్య భద్రమ్మ చాట ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. కోడలు ప్రశాంతి, ఐదో నెల కడుపుతో, గోడకు ఆనుకుని తలవంచుకుని నిలబడింది.

"చారయ్య వచ్చిండు, మంచిగయింది. ఆయన పెద్దమనిషి, ఆయన్నే అడుగుదాం," అని భద్రమ్మ చాట ఎత్తి ఆయన ముందుకు తెచ్చింది.

చాటలో పసుపు కలిపిన బియ్యం. ఒడిబియ్యమని చూడగానే తెలుస్తుంది. కూతురిని అత్తవారింటికి పంపేటప్పుడు, శుభకార్యాలప్పుడు పుట్టింటివాళ్లు ఒడిలో పోసే బియ్యం అవి. పోసింది తల్లి చేయి గనక, అందులో ఒక్క రాయి వచ్చినా తల్లి పేరే పోతుంది. గృహప్రవేశం నాడు ప్రశాంతి తల్లి సైదమ్మ మిర్యాలగూడ నుంచి వచ్చి పోసిన బియ్యాన్ని, రాజ్‌కుమార్‌కు సెలవు దొరికినప్పుడు వండి అందరికీ పెట్టుకోవచ్చని, తలుపు పక్క గూట్లో గంపలో పెట్టి ఉంచారు. ఇప్పుడు ఆ పచ్చటి బియ్యం మీద నల్లటి చుక్కలు నడుస్తున్నాయి.

"వీళ్లమ్మ మిర్యాలగూడల రైసుమిల్లుల పనికి పోతది. గాడ నేల మీద ఊడ్సిన బియ్యం తెచ్చి నా కోడలి ఒడిల పోసింది. నెల తిరగకముందే ముక్కుపురుగులు సూడు," అంది భద్రమ్మ.

"మా అమ్మ అట్ల చెయ్యదత్తా," అంది ప్రశాంతి, నోరు విప్పీ విప్పనట్టు.

"నువ్వాగు. చారయ్యా, నువ్వు చెప్పు. గివి బియ్యం పురుగులేనా కాదా?"

భిక్షమాచారి ఒకదాన్ని వేలికొనకు ఎక్కించుకుని కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకున్నాడు. నువ్వుగింజలో సగం ఉంటుంది. నల్లగా నిగనిగలాడుతోంది. ముందు చిన్న మొద్దు ముక్కు. తల తిప్పకుండా, కళ్లు మాత్రం తిప్పి, దర్వాజ వైపు చూశాడు. గడప అంచున, పసుపు కింద, బొంబాయి రవ్వ కన్నా సన్నటి పొడి బారుగా రాలి ఉంది.

ఆ పురుగును ఆయన ఎరుగును. ఎలా ఎరుగునో చెప్పాలంటే రెండేళ్ల వెనక్కి పోవాలి.

మంగయ్య తన చేను గట్టు మీద పెరిగిన టేకు చెట్టు కొట్టించి, ట్రాక్టరులో సూర్యాపేట తెచ్చి, "దీంతోనే చెయ్యాలె చారీ, మా అయ్య నాటిన చెట్టు" అని అప్పజెప్పాడు. మాఘంలో దర్వాజ ఎత్తడానికి ముహూర్తం పెట్టుకున్నారు. ముహూర్తానికి ముందు రోజు సాయంత్రం గడప కోస్తుండగా ఫోన్ మోగింది. కోదాడ నుంచి ఎవరో పెద్దమనిషి, మీ పేరు విని చేస్తున్నానన్నాడు. ఇక చూడండి మన చారి సంబరం. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఒక పక్క తన గొప్పలు చెప్పుకుంటూ ఇంకో పక్క రంపం ఆడించాడు. గొప్పలు అయిపోయేసరికి కోత కూడా అయిపోయింది. తప్పు గీత మీద కోశాడు. గడప నాలుగు వేళ్లు పొట్టిదయింది.

అప్పుడు ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. కొలత తప్పింది, ముహూర్తం రెండు రోజులు జరుపుకుందామంటే మంగయ్య రెండు తిట్లు తిట్టి ఊరుకునేవాడు. భిక్షమాచారి తండ్రి బతికున్న రోజుల్లో అలాగే చేసేవాడు, తప్పు కోసిన ముక్క తనే పట్టుకెళ్లి ఆసామికి చూపించేవాడు. కానీ "భిక్షమాచారి కొలత తప్పిండంట" అనే మాట ఊళ్లో తిరుగుతున్నట్టు ఈయనకు అప్పుడే చెవుల్లో వినబడింది. ఫోన్ చేయలేదు.

షెడ్డు వెనక, రేకుల చూరు నీళ్లు పడేచోట, కూలగొట్టిన పాత ఇంటి మద్దిదూలం ఒకటి రెండు వానాకాలాలుగా పడి ఉంది. ఈడ్చుకొచ్చి చూస్తే పై ముఖం ఇనుములా ఉంది. అడుగు ముఖం మాత్రం గోటితో గీకితే దిగబడింది. సన్నటి బెజ్జాలు, బెజ్జాల్లో ముక్కున్న నల్లపురుగులు. దులిపేశాడు. గట్టి ముఖాన్ని చిత్రిక పట్టి పైకి పెట్టాడు, మెత్తటి ముఖానికి ఇంత నల్లరంగు పూసి కిందికి పెట్టాడు. తెల్లవారుజామున చిలుకూరులో గడప కింద నవధాన్యాలు పోశారు, రాగి నాణేలు వేశారు, పైన మందంగా పసుపు పూసి బొట్లు పెట్టారు. పైన పటారం లోన లొటారం. పసుపు కింద ఉన్నది టేకో మద్దో చూసిన కన్ను లేదు. మంగయ్య పదిమందిలో ఆయనకు కొత్త దోతి కప్పి, ఒక ఆడ గొర్రెపిల్లను తాడుతో సహా చేతికిచ్చి దండం పెట్టాడు.

కొలత తప్పిన టేకుముక్కను చారి ఇంట్లో పీట చేసుకున్నాడు. రోజూ దాని మీదే కూర్చుని అన్నం తింటున్నాడు.

"చెప్పు చారయ్యా," అంది భద్రమ్మ.

గోడకు ఆనుకున్న ప్రశాంతి కూడా తలెత్తి చూసింది. ఆ చూపులో ఆశ ఉంది. పెద్దాయన, నాలుగిళ్లు తిరిగినవాడు, ఒక్క మాట అంటాడని ఆశ.

"ముక్కున్నదంటే బియ్యం పురుగే గదమ్మా," అన్నాడు భిక్షమాచారి.

అనడానికి ఎంతసేపు. భద్రమ్మ "విన్నవా" అన్నట్టు కోడలి వైపు చూసి, చాట పట్టుకుని పెరట్లోకి నడిచి, ఆ బియ్యమంతా గొర్ల తొట్టిలో కుమ్మరించింది. గూట్లోని గంప కూడా తెచ్చి బోర్లించింది. పుట్టింటి ఒడిబియ్యాన్ని గొర్లు తింటుంటే ప్రశాంతి ఏడవలేదు. గడప దగ్గర ఒలికిన నాలుగు గింజలను వంగలేక వంగి, ఒక్కొక్కటే ఏరి కొంగులో ముడి వేసుకుంది.

భిక్షమాచారి తలుపు దించి, అడుగు చిత్రిక పట్టి మళ్లీ ఎక్కించాడు. అన్నం తిని పొమ్మంటే ఆకలి లేదన్నాడు. సంచి సర్దుకుంటుంటే ప్రశాంతి మంచినీళ్లు తెచ్చిచ్చి, లోపల అత్తకు వినబడకుండా అడిగింది.

"పెద్దయ్యా, గడపకు పసుపు ఆగుతలేదు. శుక్రవారం శుక్రవారం మంచిగ నీళ్లు పోసి కడిగి రాస్తున్న. రెండు దినాలకే పొడిపొడి రాలుతున్నది. నా చేతిల ఏమన్న దోషమున్నదా?"

"నీ చేతికేమైంది బిడ్డా. ఏం లేదు," అన్నాడు. ఆ పిల్ల భక్తిగా పోసే నీళ్లే గడపను నానబెడుతున్నాయని, వారం వారం ఆ పురుగులకు విందు చేస్తున్నది ఆమేనని ఆయనకు తెలుసు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఆటో ఎక్కాడు.

ఇంటికి వచ్చినా మనసు ఊరుకుంటుందా. ఎక్కడో ఒక మూల, అవి నిజంగా బియ్యం పురుగులే అయితే బాగుండుననే పిచ్చి ఆశ. చాటలోంచి ఏరిన రెండు పురుగులను అగ్గిపెట్టెలో వేసి తెచ్చుకున్నాడు. కూతురు సింధూజ తిరుమలగిరిలో వ్యవసాయ విస్తరణ అధికారి. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వస్తుంది. పత్తి పురుగుల పేర్లన్నీ రైతులకు నోటికి చెప్పే పిల్ల. రాగానే అగ్గిపెట్టె ముందు పెట్టాడు.

"గిదేం పురుగో సూడు బిడ్డా. బియ్యంలదే గదా?"

సింధూజ భూతద్దం తీసి, దీపం కిందికి జరిగి చూసింది. "కాదు నాన్నా. బియ్యం ముక్కుపురుగుకు వీపు మీద నాలుగు లేత మచ్చలుంటయ్. దీనికి లేవు. ఇది కట్టెల ఉండేది. ముక్కుపురుగులల్ల ఇదొక చిన్న జాతి. ఇంగ్లీషుల ఇంత పొడుగు పేరున్నది గని మనోళ్లు దీనికి పేరే పెట్టలే. కట్టె లోపలనే గుడ్డు, కట్టె లోపలనే పిల్ల. పెద్దదయినంక కూడ కట్టెనే తింటది, బయటికి రాదు. బియ్యంల వేస్తే బతకదు."

"మరి బయటికెందుకొచ్చింది?"

"లోపల ఖతం చేసినంక వస్తది." అగ్గిపెట్టె మూసి ఆయన చేతికిచ్చింది. "ఒకటి మాత్రం మంచిది నాన్నా. ఇది గట్టి కట్టె జోలికి పోదు. ముందే నాని మెత్తబడ్డ కట్టెనే పట్టుకుంటది. నీ దర్వాజలకైతే ఏం భయం లేదు."

నవ్వుతూ అన్నది ఆ మాట. తండ్రి పనితనం అంటే ఆ పిల్లకు గర్వం. భిక్షమాచారి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, కాళ్లు కడుక్కోవాలన్నట్టు లేచి పెరట్లోకి పోయాడు. పెరట్లో మంగయ్య ఇచ్చిన గొర్రె, అదిప్పుడు ఒక పిల్లను కూడా పెట్టింది, ఆయన్ను చూసి గడ్డి వేస్తాడేమోనని అరిచింది.

ఆనాటి నుంచి ఆయన పీట మీద కూర్చోలేకపోయాడు. మోకాళ్ల నొప్పులంటూ గట్టు మీద కూర్చుని తిన్నాడు. షెడ్డులో ఎవరైనా, మీ చేతి దర్వాజ నూరేళ్లుంటుందంటే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, వాళ్ల ముఖంలోకి చూసి ఏమైనా తెలిసిందా అని వెతికేవాడు.

దసరా ముందు ఒక ఉదయం, కట్టె చూసొస్తానని ఇంట్లో చెప్పి మిర్యాలగూడ బస్సెక్కాడు. సైదమ్మ కాళ్ల మీద పడైనా సరే నిజం చెప్పేయాలని బయలుదేరాడు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. రైసుమిల్లుల వీధి వెనక రెండు గదుల ఇల్లు ఆమెది. భర్త మిల్లులో హమాలీ, ఆ వేళ పనికి పోయి ఉన్నాడు. సైదమ్మ పనికి పోకుండా ఇంట్లోనే ఉంది.

"నేను సూర్యాపేట వడ్ల భిక్షమాచారిని. చిలుకూరుల మీ బిడ్డ ఇంటికి దర్వాజ చేసింది నేనే."

ఆ మాటకే ఆమె ముఖం వెలిగిపోయింది. కుర్చీ తుడిచి వేసింది. చాయ్ పెట్టి తెచ్చింది. "మా పిల్ల ఎట్లున్నదన్నా? కాళ్లు వాసినయంట, నిజమేనా? ఫోన్ చేస్తే మంచిగున్న అంటది గని గొంతు మంచిగుంటలేదు."

"మంచిగనే ఉన్నదమ్మా."

ఆమె లేచి, మూలనున్న బియ్యం డ్రమ్ము మూత తీసింది. "నువ్వు దేవుని పని చేసేటోనివి, నీకన్న సూపిస్త. ఆ ఒడిబియ్యం గీ డ్రమ్ములయే. కొత్త బియ్యం కొని మూడు దినాలు కూసోని ఏరిన. నూక లేదు, రాయి లేదు. నేను పొద్దందాక ఊరోళ్ల బియ్యం చెరిగేదాన్ని, నా బిడ్డకు ఊడ్సిన బియ్యం పోస్తనా? చెయ్యి పెట్టి సూడన్నా. ఒక్క పురుగు తీసి సూపియ్యి."

భిక్షమాచారి డ్రమ్ములో మోచేతి దాకా చేయి పెట్టాడు. చల్లటి బియ్యం, తెల్లగా, గింజకు గింజ అంటకుండా ఉన్నాయి. చేయి బయటికి తీయడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. తీస్తే ఏదో ఒకటి మాట్లాడాలి.

"మిల్లుల కూడ తెలిసింది," అంది సైదమ్మ. "ఊడ్సిన బియ్యం సైదమ్మ అంటున్నరు. నవ్వులాటకే అంటున్నరు. నాలుగు దినాలసంది పనికి పోబుద్ధయితలేదు. ఎవరో పెద్దమనిషి కూడ సూసి బియ్యం పురుగులే అన్నడంట. ఆయనెవరో ఏమో, ఆయన కండ్లు సల్లగుండ."

దారి పొడుగునా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ నోటిదాకా రాలేదు. చేయి తీసి, చాయ్ గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టి, "పోయొస్తనమ్మా" అన్నాడు. అంతే అన్నాడు, వినండి, అంత దూరం పోయి. బస్సులో కిటికీ పక్క కూర్చుని కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అరవై ఏళ్ల మనిషి ఏడుస్తుంటే ఎవరైనా చూస్తారని ఒకటే సిగ్గు, ఆ సిగ్గుకు కూడా మళ్లీ సిగ్గు.

దీపావళి దాటాక మంగయ్య ఫోన్ వచ్చింది. "చారీ, ఆదివారం కోడలికి శ్రీమంతం. నువ్వు రావాలె. తల్లిగారోళ్లు వచ్చి ఒడిబియ్యం పోసి పురుటికి తోల్కపోతరు."

"బియ్యం వాళ్లే తెస్తరు గదా?" అని అడిగాడు భిక్షమాచారి. ఎందుకడిగాడో ఆయనకే తెలియదు.

"లేదులే. మా ఆమె కోదాడల కొనిపెట్టింది. వాళ్లను వట్టి చేతులతోని రమ్మన్నది. మళ్ల పురుగుల లొల్లి ఎందుకని."

తల కొట్టేసినట్టయింది ఆయనకు. కన్నతల్లి వట్టి చేతులతో వచ్చి, వియ్యపురాలు కొన్న బియ్యం తీసి కూతురి ఒడిలో పోయాలి, అదీ చుట్టాలందరి ముందు. ఆదివారం దాటితే ఆ మచ్చ ఇక ఎన్నటికీ పోదు.

ఆ రాత్రి అన్నానికి కూర్చోకుండా నిలబడే, భార్య ముందూ కూతురి ముందూ ఉన్నదంతా చెప్పాడు. భార్య నెత్తి కొట్టుకుంది. సింధూజ లేచి, పీట తీసి, తడిబట్టతో తుడిచి, పనిముట్ల సంచి పక్కన పెట్టింది. తండ్రి ముఖం చూడకుండానే పోయి పడుకుంది.

శనివారం దాకా కూర్చుని, ఎంచి ఎంచి తీసిన టేకుతో కొత్త గడప చేశాడు. ఆదివారం పొద్దున్నే ట్రాలీ ఆటోలో గడప, పీట, గొర్రె, దాని పిల్ల, తను. చిలుకూరు చేరేసరికి మంగయ్య వాకిట్లో షామియానా వేసి ఉంది. పట్టుచీరల్లో ఆడవాళ్లు, కుర్చీల్లో మగవాళ్లు. రాజ్‌కుమార్ అందరికీ టిఫిన్లు పెట్టిస్తున్నాడు.

"గిదేంది చారీ, గొర్రెను తెచ్చినవ్?" అని మంగయ్య నవ్వుతూ ఎదురొచ్చాడు.

భిక్షమాచారి నేరుగా దర్వాజ దగ్గరికి పోయి గడప ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ప్రశాంతి ఆ ఉదయమే రాసిన పసుపు ఇంకా తడిగా ఉంది. ఉలి తీసి గడప అంచున, నేలకు ఆనుకున్నచోట పెట్టి, సుత్తితో మెల్లగా ఒక్క దెబ్బ వేశాడు. ఉలి పిడిదాకా దిగింది. మెలితిప్పి లాగేసరికి చెక్క పెళ్ల ఊడి, గోధుమరంగు పొడి గుప్పెడు రాలింది. పొడిలో నల్లటి ముక్కుపురుగులు, పదులకొద్దీ, వెలుతురు పడగానే అటూ ఇటూ పాకసాగాయి.

"శుభకార్యం నాడు గడప పీకుడేంది, నీకు మతి పోయిందా?" అని అరిచిన భద్రమ్మ, ఆ పురుగులను చూసి ఆగిపోయింది.

"పురుగులు బియ్యంలయి కావమ్మా. నా గడపలయి," అన్నాడు భిక్షమాచారి. అందరికీ వినబడేటట్టే అన్నాడు. "మంగయ్యా, నువ్విచ్చిన టేకు నేను కొలత తప్పి కోసిన. తప్పైందని చెప్పనీకి నామోషయింది. నానిన పాతకట్టె పెట్టి పసుపు పూసిన. నీ కట్టె ఇగో, పీట చేసుకోని రెండేండ్లసంది కూసోని తింటున్న. ఆ దినం భద్రమ్మ అడిగితే అవి ఏ పురుగులో నాకు తెలుసు. తెలిసే అబద్ధం చెప్పిన. సైదమ్మ బియ్యం బంగారం అసొంటియి. చెయ్యి పెట్టి సూసిన."

మంగయ్య పీట చేతిలోకి తీసుకుని, అంచు తిప్పి, తండ్రి నాటిన చెట్టు కట్టెను గుర్తుపట్టాడు. "పదిమందిల దోతి కప్పిన గద చారీ నీకు," అన్నాడు. తిడితే పడేవాడు. ఆ మాట పడలేకపోయాడు.

భద్రమ్మ తన రెండు చేతుల వైపు చూసుకుంది. "నీ మాట మీదనే పారబోస్తి. నా చేతులతోని గొర్లకు పోస్తి," అని కింద కూలబడింది.

అప్పుడు వెనక నుంచి ఒక గొంతు వినబడింది. సైదమ్మ ఎప్పుడు వచ్చిందో, గేటు దగ్గర భర్త పక్కన నిలబడి ఉంది. చెప్పినట్టే వట్టి చేతులతో వచ్చింది.

"అన్నా, నువ్వు మా ఇంటికొచ్చినవ్," అంది. కోపంగా అనలేదు, అడిగినట్టు అంది. "కుర్చీల కూసున్నవ్. చాయ్ తాగినవ్. డ్రమ్ముల చెయ్యి పెట్టినవ్. అప్పుడన్న చెప్పకపోతివా."

భిక్షమాచారి తల దించుకుని రంపం అందుకున్నాడు.

పాత గడపను నడిమికి కోసి, రెండు ముక్కలుగా పెకలించాడు. కింది ధాన్యాలూ రాగి నాణేలూ ఏరి పక్కన పెట్టాడు. ఆ పనంతా గంటన్నర పట్టింది. ముహూర్తం దగ్గర పడుతోందని పంతులు గొణిగాడు, ఎవరూ పట్టించుకోలేదు. అంతమంది ఆయన చేతుల వైపే చూస్తున్నారు. ఎన్నో దర్వాజలు ఎత్తిన ఆ చేతులను జనం అలా అనుమానంగా చూడటం ఆయన ఎరగడు. ఓర్చుకున్నాడు. కొత్త గడప బిగించి, కొలత రెండు వైపులా మంగయ్య చేతనే చూపించాడు. ప్రశాంతి అలవాటుగా పసుపు గిన్నె తెచ్చింది.

"ఇయ్యాల వద్దు బిడ్డా. కట్టెను అందరినీ సూడనియ్," అన్నాడు.

మంగయ్య ఆ పీటను తీసుకెళ్లి హాలు నడుమ వేశాడు. ప్రశాంతి దాని మీద తూర్పు ముఖంగా కూర్చుంది. భద్రమ్మ కోదాడ బియ్యం తట్టను లోపలికి నెట్టేసి, గేటు దాకా పోయి, సైదమ్మ ముందు నిలబడింది. "వదినె," అంది. సైదమ్మ ఆమె వైపు చూసింది. వెనక్కి తిరిగి, తాము వచ్చిన ఆటోలో సీటు కిందికి వంగి, కొత్త రవిక గుడ్డలో కట్టిన మూట తీసింది. వట్టి చేతులతో రమ్మన్నా, తెచ్చుకోకుండా ఉండలేకపోయింది. బయట పెట్టడానికి మాత్రం ధైర్యం లేక దాచుకుంది.

మూట చంకన పెట్టుకుని దర్వాజ దాకా వచ్చి ఆగింది. లోపలి నుంచి ప్రశాంతి పిలిచింది, "రా అమ్మా" అని. సైదమ్మ అడుగు వేయలేదు. భిక్షమాచారి పక్కకు జరిగి ఒదిగి నిలబడి ఉన్నాడు. ఆయన కళ్ల ముందే ఆమె వంగి, గింజ గింజా చూసి ఏరే ఆ చేతి బొటనవేలి గోరును కొత్త గడపకు ఆనించి గట్టిగా నొక్కింది. ఒకచోట కాదు. పైన నొక్కింది, అంచున నొక్కింది, నేలకు ఆనుకున్నచోట కూడా వేలు పోనిచ్చి నొక్కింది.

గోరు దిగలేదు. అప్పుడు గాని ఆమె కుడికాలు ఎత్తి లోపల పెట్టలేదు.